కొన్నవి కాని బట్టలు

ప్రేమమణి పదిహేనేళ్ళ పాటు సికింద్రాబాదు పెద్దింటి ఆడవాళ్ళ ఒళ్ళు కొలిచింది. ఏ నడుముకు ఎన్ని మడతలు, ఏ చంకలో ఎంత చెమట, ఏ మెడ మీద పౌడరు కింద ఎంత మురికి, అన్నీ ఆమెకు తెలుసు. తెలిసినా ముఖంలో ఏమీ కనపడనివ్వకపోవడమే ఆమె పనిలో సగం. మిగతా సగం కత్తెర.

తండ్రి యెషయా తిరుమలగిరి కంటోన్మెంటులో ఒక కర్నలు దొర బంగళాలో వంట చేసేవాడు. దొరసాని విడిచేసిన గౌన్లు ఇంటికి తెచ్చేవాడు, తల్లి లేని కూతురు తొడుక్కుంటుందని. ప్రేమమణి ఒక్కటీ తొడుక్కోలేదు. లావెండరు నీళ్ళ వాసన కింద ఇంకొకరి ఒంటి వాసన ఆమె ముక్కుకు తగిలేది. వెగటు పుట్టేది. అయినా పారెయ్యబుద్ధి అయ్యేది కాదు. కుట్లన్నీ ఒక్కొక్కటే విప్పి, ముక్కలను సోడా వేసి ఉడకబెట్టి, అవి ఎలా అతుక్కుని గౌనయ్యాయో చూసి మళ్ళీ కుట్టేది. అలా పన్నెండేళ్ళకే ఆమెకు దొరల కుట్టు వచ్చింది.

పదిహేడేళ్ళప్పుడు జేమ్స్ స్ట్రీటులో ఒక గోవా అతని దుకాణంలో చేరింది. దొరసానులు మగవాళ్ళ చేత కొలతలు తీయించుకోరు కాబట్టి ఆడమనిషి కావలసి వచ్చింది. పరదా అవతల ప్రేమమణి టేపు పట్టి అంకెలు చెబితే, ఇవతల కటింగ్ మాస్టరు పీర్ మహమ్మద్ రాసుకునేవాడు. ఆయనది జనగామ వైపు. గడ్డం అప్పటికే నెరిసింది. నెల రోజులు విని ఒకనాడు పెన్సిలు కింద పెట్టేశాడు.

"అంకెలే చెప్తున్నవ్ బిడ్డా. మనిషిని చెప్పు."

"మనిషినా?"

"ఎట్ల నిలవడ్తది? నవ్వితె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటదా? భుజాలు ముంగటికి గుంజుకుంటదా? గివి చెప్పకుంటె నేనేం కొయ్యాలె?"

ఆ రోజు నుంచి ప్రేమమణి మనుషులను చూడటం మొదలుపెట్టింది. ఆయన ఆమెకు కత్తెర నేర్పాడు. ఆడపిల్లకు కటింగ్ ఏందని యజమాని సణిగితే, "నా కండ్లు మసకబారినంక నీ దుకాణం ఎవరు నడుపుతరు సాబ్?" అని నోరు మూయించాడు. ఆమె ఆయన్ను చాచా అనేది.

కమలాబాయి ఆ దుకాణం మెట్లెక్కింది యుద్ధం రోజుల్లో, నలభై నాలుగులో. ఆమె భర్త సదాశివరావు మిలిటరీ కాంట్రాక్టరు. పటాలాలకు గుడారాలు, ఖాకీ గుడ్డ, గుర్రాలకు గడ్డి అన్నీ ఆయనే. కొత్తగా వచ్చిన డబ్బు కమలాబాయి ఒంటి మీద మెరిసిపోతోంది. క్లబ్బులో విందుకు మెరుపుల గులాబీ రంగు పట్టు తెచ్చి బల్ల మీద పరిచింది. ఆమె చామనఛాయ మనిషి, పొట్టి, భుజాలు వెడల్పు. ప్రేమమణి నోరు ఆగలేదు.

"ఈ రంగు మీకొద్దమ్మా."

దుకాణంలో అందరూ బిగుసుకుపోయారు. కమలాబాయి ఆమెను కింద నుంచి పైకి చూసింది. "మరేం కట్టుకోవాల్నో నువ్వే చెప్పు, చూస్త."

ప్రేమమణి సిరా రంగు చీర తీయించింది. జాకెట్టుకు మోచేతుల దాకా చేతులు, మూసుకున్న మెడ, వెనక నడుము దగ్గర చిన్న కోత. గొలుసులన్నీ తీసేయమంది. చెవులకు మాత్రం కెంపులు ఉంచమంది. పాపిడి ఎడమ నుంచి తీసి కొప్పు కిందికి దించింది. ఆ రాత్రి విందులో కమలాబాయి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయట. ఒక పెద్ద దొరసాని లేచి వచ్చి జాకెట్టు ఎవరు కుట్టారని అడిగిందట. మర్నాడు పొద్దున్నే ప్రేమమణి కోసం కారు వచ్చింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆ కారు వస్తూనే ఉంది. కమలాబాయిని చూసి జాగీర్దారుల బేగములు, బ్యాంకు సేఠుల కోడళ్ళు, రేడియోలో పాడే అమ్మాయిలు పిలిపించుకున్నారు. కుట్టడం ఒక్కటే కాదు. ఏ విందుకు ఏ చీర, దాని కింద ఏ చెప్పులు, చేతిలో సంచీ ఎలా పట్టుకోవాలి, ఫోటో తీసేవాడి ముందు ఏ భుజం తిప్పాలి, అన్నీ ఆమే చెప్పేది. ఆ పనికి పేరంటూ ఏదీ లేదు. పీర్ మహమ్మద్ నవ్వుతూ ఆమెను "సింగారం మాస్టర్" అని పిలిచేవాడు. పత్రికల్లో ఫోటోలు పడేవి. కట్టించిన మనిషి పేరు ఎక్కడా ఉండేది కాదు.

కాంట్రాక్టరు ఇంట్లో ఆమె దారి పెరటి తలుపు నుంచి. కమలాబాయి అత్తగారు శ్యామలమ్మ పీట వేసుకుని అక్కడే కూర్చునేది. యెషయా కూతురు ఏ వాడ నుంచి వచ్చిందో ఆమెకు బాగా తెలుసు. ప్రేమమణి టేపు లోపలికి రానిచ్చేది కాదు. ఇంట్లోనే వేరే టేపు ఉంచి, వాడిన ప్రతిసారీ దాన్ని పసుపు నీళ్ళలో ముంచి ఆరేయించేది. కొలతలయ్యాక కోడలు తలకు పోసుకోవాలి. కుట్టిన జాకెట్టుకు మాత్రం ఏ మైలా ఉండేది కాదు. ప్రేమమణి చేతిలోంచి దాన్ని కమలాబాయి నేరుగా అందుకుని తొడుక్కునేది.

"నీకు రోత పుట్టదా బిడ్డా?" అని పీర్ మహమ్మద్ ఒకసారి అడిగాడు.

"పుడ్తది చాచా. వాళ్ళు నన్ను జూసి ముక్కు మూసుకుంటరు. వాళ్ళ చంకల వాసన నేను పీలుస్త."

"మరెందుకు పోతవ్?"

నిజమేమిటంటే తాను తీర్చిన మనిషి గదిలోకి నడిచినప్పుడు మాటలు ఆగిపోయే ఆ ఒక్క క్షణం రుచి ఆమెకు తెలిసిపోయింది. కర్టెన్ల వెనకో, పెరటి కిటికీ దగ్గరో నిలబడి దాని కోసమే చూసేది. ఆ రుచి కోసం పెరటి తలుపు కూడా దాటవచ్చు అనుకునేది. అలా అనుకున్నందుకు తన మీద తనకే కాస్త అసహ్యం వేసేది.

నలభై ఏడులో గోరా పల్టన్లు వెళ్ళిపోయాయి. దేశానికి స్వరాజ్యం వచ్చింది, హైదరాబాదు సంస్థానం మాత్రం పక్కకు నిలబడింది. గోవా అతను దుకాణం అమ్మేసి ఊరెళ్ళిపోయాడు. ప్రేమమణి, పీర్ మహమ్మద్ కలిసి జనరల్ బజారులో ఒక మేడగది అద్దెకు తీసుకుని రెండు మిషన్లు వేసుకున్నారు.

మరుసటి చైత్రంలో బీదర్ వైపు ఒక కస్బా నుంచి అక్బర్ బీ అనే ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని రైలు దిగింది. భర్తది బట్టల వ్యాపారం. కూతురు బానో పెళ్ళి. సికింద్రాబాదులో బేగములకు కుట్టే చేతులే తన బిడ్డకూ కుట్టాలని ఆ తల్లి పట్టుదల. జరీ నేసిన ఎర్ర కింఖాబు పట్టు కుర్తీ, దాని మీద ఆరు గజాల జరీ అంచు ఖడా దుపట్టా.

బానో కొలతలకు నిలబడగానే ప్రేమమణి కంటికి పడింది. ఎడమ భుజం కుడిదాని కన్నా రెండు వేళ్ళు కిందికి ఉంది. చిన్నప్పుడు విరిగి సరిగ్గా అతకని ఎముక. ఆ పిల్ల దాన్ని దాచడానికి తల ఎప్పుడూ పక్కకు వంచేది. ప్రేమమణి ఏమీ అనలేదు. కుర్తీ ఎడమ భుజంలో, లోపలి అస్తరుకూ కింఖాబుకూ మధ్య, పలుచని ఉన్ని గుడ్డ మూడు పొరలు పెట్టి దాచి కుట్టింది. ఎర్ర దారం ఉండ అయిపోతే లోపల ఎవరు చూస్తారులే అని నీలం దారంతో కానిచ్చింది.

బానో అద్దం ముందు నిలబడింది. తల మెల్లగా నిటారుగా లేచింది.

"అక్కా, నేను సక్కగనే ఉన్న."

పెద్దింటి మాటల కన్నా ఆ ఒక్క మాట ప్రేమమణికి ఎక్కువ తీపిగా అనిపించింది.

ఎండలు ముదిరేసరికి సంస్థానం అంతా రజాకార్ల ఖాకీ నిండింది. ఆ ఖాకీ గుడ్డ సరఫరా చేసింది సదాశివరావే. పల్లెల్లో తన కులం వాళ్ళ ఇళ్ళే తగలబడుతున్నా ఆయన ఇంట్లో రజాకార్ల పెద్దలకు విందులు ఆగలేదు. ఒక మధ్యాహ్నం కమలాబాయి ప్రేమమణి ముందు ఒక మూట విప్పించింది. పన్నెండు పట్టుచీరలు. కొత్తవి కావు.

"వీటిని కోసి షరారాలు చెయ్యి. విందుకొచ్చే బేగములకు నజరానా ఇయ్యాలన్నరు మా సాబ్."

ప్రేమమణి మేడగదికి తెచ్చి బల్ల మీద పరిచింది. పొగ వాసన. ఒకదాని అంచుకు పసుపు మరక. ఇంకోదాని కొంగు ముడి విప్పితే వక్క ముక్క, రెండు లవంగాలు రాలాయి. పీర్ మహమ్మద్ వాటిని వేలితో కదిపి చూశాడు.

"ఇవి కొన్న బట్టలు గావు బిడ్డా."

"నాకు సుత ఎరుకే."

"కొయ్యకు. జ్వరమొచ్చిందని చెప్పి పంపు."

"ఒక్కసారి కాదంటె మళ్ళ కారొస్తదా చాచా? వీళ్ళతోని పెట్టుకుంటె బతకనిస్తరా?"

ఆయన తన స్టూలు గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ప్రేమమణి కోసింది. పన్నెండు చీరలూ కోసింది. లవంగాలు ఊడ్చి పారేసింది. ఆ వారం పీర్ మహమ్మద్ గోడకు ముఖం పెట్టి కాజాలు కుడుతూనే ఉన్నాడు. అన్నం తినబోతే చేతులకు పొగ వాసన వస్తోందని ఆమె రోజుకు పదిసార్లు సబ్బుతో కడుక్కుంది. కుట్టిన షరారాలు మాత్రం ఎప్పటికన్నా బాగా కుదిరాయి. ఆ సంగతి ఆమెకు ఇంకా రోతగా తోచింది.

సెప్టెంబరులో యూనియను సైన్యం వచ్చింది. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. విమానాలు నెత్తి మీద తిరిగిన ఆ రోజుల్లోనూ, ఆ తర్వాత పుకార్లు తిరిగిన రోజుల్లోనూ, ప్రేమమణి పీర్ మహమ్మద్‌నూ ఆయన భార్య నూర్‌బీనీ సీతాఫల్‌మండిలో తన ఇంట్లో పెట్టుకుంది. పక్కింటి సువార్త కూడా వాళ్ళు తన చుట్టాలేనని అడిగిన వాళ్ళకల్లా చెప్పింది. పన్నెండు రోజుల తర్వాత గాని ముసలాయన గడప దాటలేదు.

సైన్యం సికింద్రాబాదులో దిగిన మూడో రోజునే కారు వచ్చింది.

"ఖద్దరు కావాలె," అంది కమలాబాయి. గదిలో కొత్త ఖద్దరు తానులు నాలుగు పడి ఉన్నాయి. "నాకు చీరలు, సాబుకు టోపీలు, లాల్చీలు. ఆఫీసర్లకు టీ పార్టీ ఉంది ఎల్లుండి."

"అట్లనే అమ్మా."

"విను జెర. కొత్తగ కనవడొద్దు. మేము ఎన్నేండ్ల సంది కడ్తున్నట్లుండాలె."

ప్రేమమణి ఆ కొత్త ఖద్దరును పెరట్లో రాతి మీద బాదింది. సోడా నీళ్ళలో ఉడికించింది. ఎండలో మూడుసార్లు ఆరేసింది. మోచేతుల దగ్గర ఇసుక కాగితం రుద్ది పలచబరిచింది. సదాశివరావు లాల్చీకి, లేని చిరుగు ఒకటి చేసి, దాని మీద చేతికుట్టుతో మాసిక వేసింది. ఆయన అద్దంలో ఆ మాసికను వేలితో తడుముకుని మురిసిపోయాడు. పైజామా కుదిరిందో లేదో చూడటానికి ఆయన కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు, మూడు నెలల క్రితం ఈయనకే ముఖ్మల్ షేర్వానీకి కాలరు నిలబెట్టానని ఆమెకు గుర్తొచ్చింది. నోట్లో ఉమ్మి ఊరింది. నోటి నిండా గుండుపిన్నులు ఉన్నాయి కాబట్టి మింగింది.

దీపావళి దాటాక మళ్ళీ పిలుపు. కొత్త అధికారులకు, సైన్యం పెద్దలకు భారీ విందు. కమలాబాయి ముందు ఈసారి కింఖాబు మూట ఉంది.

"ఖద్దరు మస్తయింది. పెద్ద విందుకు జెర జరీ ఉండాలె. ఈ దుపట్టా జరీ అంచు తీసి నా చీరకెయ్యి. ఈ కుర్తీల నుంచి జాకెట్ ఎల్తదా చూడు."

ప్రేమమణి ఎర్ర కుర్తీ చేతిలోకి తీసుకుంది. పక్క కుట్టు చీలిపోయి ఉంది. మెడ దగ్గర గుండీలు లేవు. గుండీలున్న చోట గుడ్డ చినిగి వేలాడుతోంది. మెడ చుట్టూ గోధుమ రంగు మరక గట్టిపడి ఉంది.

"ఎక్కడియమ్మా ఇవి?"

"వేలంల వచ్చినయ్. జిల్లాల నుంచి లారీలల్ల వస్తున్నయ్ గదా."

"ఎవరివి?"

"ఎవరివైతేంది? మెడ ఖరాబైంది, ఆ ముక్క తీసేసి వెడల్పు మెడ పెట్టు. ఎవరూ గుర్తుపట్టొద్దనే గదా నిన్ను పిలిచింది."

ప్రేమమణి కుర్తీ లోపలి వైపుకు తిప్పింది. ఎడమ భుజం దగ్గర వేళ్ళకు మెత్తగా తగిలింది. అస్తరు కొంచెం పైకెత్తి చూసింది. ఉన్ని గుడ్డ మూడు పొరలు. నీలం దారం.

ఆమె లేచి పెరట్లోకి నడిచింది. జామచెట్టు మొదట్లో డోకింది. పొద్దున తాగిన చాయ్, ఆ తర్వాత ఒట్టి పసరు వచ్చింది. పీట మీద నుంచి శ్యామలమ్మ అరిచింది. "ఏందే గది! చెట్టు మొదట్ల! నీళ్ళు పొయ్యి, పేడ చల్లు!" ప్రేమమణి నీళ్ళు పోసింది. లోపలికి వచ్చి మూట మళ్ళీ కట్టింది.

"ఇంటికాడ కుట్టి తెస్తనమ్మా," అంది. ఆ ఇంట్లో ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే.

మేడగదిలో పీర్ మహమ్మద్ కుర్తీని చూడగానే గుర్తుపట్టాడు. దాన్ని కోసింది ఆయనే.

"బతికుందో లేదో చూడాలె," అన్నాడు.

జిల్లాల నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్ళు నగరంలో మసీదుల్లో, సరాయిల్లో, చుట్టాల వాకిళ్ళలో పడి ఉన్నారు. ఇద్దరూ నాలుగు రోజులు తిరిగారు. ఐదో రోజు నాంపల్లి వైపు ఒక పాత సరాయిలో అక్బర్ బీ కనిపించింది. ఒక్కో గదిలో ముప్పై మంది ఆడవాళ్ళు. తడి గోనెలు, చీము, పిల్లల దొడ్డి, మాడిన గంజి, అన్నీ కలిసిన కంపు. ప్రేమమణి తెలియకుండానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అక్బర్ బీ ఆ కొంగును చూసింది. ప్రేమమణి దాన్ని దించేసింది గాని, అప్పటికే ఆలస్యమైంది.

మూట ముందు పెట్టి ముడి విప్పింది. తాను మంచి పని చేస్తున్నానన్న తృప్తి ఏదో ఆమె గుండెలో అప్పటిదాకా ఉంది.

అక్బర్ బీ వెనక్కి జరిగింది. "ఇదెందుకు తెచ్చినవ్?"

"బానోదే గదమ్మా... దొరికింది. మీకిద్దామని..."

"ఇచ్చి? తొడుక్కోమంటవా?" ఆమె గొంతు పెరగలేదు. "వాళ్ళు పెట్టెల నుంచి తియ్యలే దీన్ని. పారిపోయేటప్పుడు పాత కమీజు కింద ఇదే తొడిగిచ్చిన, ఎప్పుడన్న అక్కరకొస్తదని. ఒంటి మీద నుంచి తీసిన్రు. అర్థమైందా? ఒంటి మీద నుంచి. అంతకు ముందే దాని మొగణ్ణి, నా ఇంటాయనను, ఇద్దరిని ఒక్క పూటల..."

ప్రేమమణికి తన మీద తనకు ఒళ్ళు జలదరించే ఏవగింపు కలిగింది. పన్నెండు చీరలు కోసిన చేతులు ఈ మూట తెచ్చి శుద్ధి అవుదామనుకున్నాయి. ఆ తల్లి దుఃఖం మీద చేతులు కడుక్కుందామనే తాను వచ్చింది.

గోడ పక్కన గోనె మీద కూర్చున్న ఆడమనిషి అప్పుడు తలెత్తింది. అప్పటిదాకా ప్రేమమణి ఆమెను బానో అని గుర్తుపట్టలేదు. ఎవరిదో మగవాళ్ళ చొక్కా తొడుక్కుని ఉంది.

"అక్కా. నాకొక కుర్తా కుట్టు."

"కుడ్త బిడ్డా. ఎట్లాంటిది కావాలె?"

"ముతకది. మెడ దాక ఉండాలె. గుండీలు బాగ పెట్టు. దగ్గర దగ్గర."

ప్రేమమణి అలవాటు కొద్దీ టేపు తీసింది. టేపు భుజానికి తగలగానే బానో గోడకు అతుక్కుపోయింది. ప్రేమమణి టేపు చుట్టి సంచిలో వేసుకుంది. ఆ కొలతలు ఆమెకు గుర్తే ఉన్నాయి.

మూట ఏం చేయాలో అక్బర్ బీయే చెప్పింది. "కాల్చున్రి. వెండి దిగుతది. దానితోని ఏమన్న గుడ్డ తెచ్చి వీళ్ళందరికి పంచున్రి. మళ్ళ నా కండ్లకు చూపెట్టకున్రి." పీర్ మహమ్మద్ మేడగది పైన కుంపట్లో కుర్తీని, దుపట్టాను కాల్చాడు. జరీ కరిగి చిన్న వెండి ముద్ద మిగిలింది. దాన్ని కంసాలి వీరయ్యకు ఇచ్చి, వచ్చిన దానితో మార్కీను ముతక గుడ్డ తానులు తెచ్చారు. నెల పొడుగునా ఇద్దరూ సరాయి ఆడవాళ్ళకు కుర్తాలు కుట్టారు. బానోకు పదకొండు గుండీలతో కుట్టారు.

ఈలోగా కారు రెండుసార్లు వచ్చి వెళ్ళింది. మూడోసారి కమలాబాయి తానే మేడ మెట్లెక్కింది.

"నా కింఖాబు ఏది?"

"కాల్చినమమ్మా."

"ఏందీ?"

"ఎవరిదో వాళ్ళే కాల్చమన్నరు. నేను కుట్టిన కుర్తీ అది. తొడుక్కున్న పిల్ల ఇంక బతికే ఉంది."

కమలాబాయి ముఖం ఒక్క క్షణం వాడింది. మరుక్షణమే సర్దుకుంది. "దొంగతనం అంటరు దీన్ని. పోలీసులను పిలుస్త."

"పిలువున్రి. ఆ బట్ట మీ ఇంటికెట్ల వచ్చిందో చెప్త. ఖాకీ ఎవరికి అమ్మిన్రో చెప్త. మీ ఖద్దరును రాయి మీద బాదింది నేనే అని సుత చెప్త."

కమలాబాయి నవ్వింది. కోపంగా కాదు, నిజంగానే నవ్వొచ్చినట్టు నవ్వింది. "చెప్పు. ఆ పన్నెండు పట్టుచీరలు ఎవరు కోసిన్రో అది సుత చెప్పు మరి. నేను కత్తెర పట్టలేదు గదే."

కమలాబాయి మెట్లు దిగి వెళ్ళిపోయింది. పోలీసులు రాలేదు. మిగతా కార్లు కూడా రాలేదు. ఆమె చేతికి బట్ట ఇస్తే తిరిగి రాదన్న మాట పది ఇళ్ళకు పాకింది. వేసవి లోపల మేడగది ఖాళీ చేసి మిషన్లను సీతాఫల్‌మండి ఇంటి వసారాలోకి తెచ్చుకున్నారు.

అక్కడ వచ్చే పని బడిపిల్లల నిక్కర్లు, నర్సుల కోట్లు, రైల్వే వాళ్ళ ఇళ్ళలోని లంగాలు. పీర్ మహమ్మద్ రెండేళ్ళు కుట్టి, ఒక చలికాలం దగ్గుతో పోయాడు. బానో, తల్లీ చిలకలగూడలో ఒక గదిలో ఉండేవారు. వారానికోసారి బానో వచ్చి కాజాలు కుట్టే పని తీసుకుపోయేది. ఇద్దరి మధ్య మాటలు తక్కువ. ప్రేమమణి ఒకటి రెండుసార్లు ఆ చీరల సంగతి ఆమెకు చెప్పాలనుకుంది. చెప్పి ఏం సాధించాలని తనను తానే అడిగి ఊరుకుంది. "అక్కా, ఈ రంగు నాకు బాగుంటదా?" అని ఎవరైనా అడిగితే, "నీ ఇష్టం తల్లీ" అనేది. ఎవరికీ ఏం కట్టుకోవాలో ఆమె మళ్ళీ చెప్పలేదు.

యాభై రెండు ఎన్నికల్లో సదాశివరావు నిలబడ్డాడు. ఒక ఉదయం సీతాఫల్‌మండి గల్లీలో డప్పులు మోగాయి. కమలాబాయి ఇంటింటికీ వస్తోంది. ఖద్దరు చీర, కాళ్ళకు చెప్పులు లేవు, మెడలో నల్లపూసలు. ప్రేమమణి ఇంటి ముందు ఆగి రెండు చేతులూ జోడించింది.

"అక్కా, నీ ఓటు మాకే ఎయ్యాలె." గుర్తుపట్టిందో లేదో ఆ కళ్ళలో ఏమీ తెలియలేదు. వెనకున్న వాళ్ళ కోసం వసారా మెట్టు మీద కూర్చుని నీళ్ళు అడిగింది. సువార్త చెంబుతో తెచ్చిస్తే గటగటా తాగింది. జనం ఆహా అన్నారు.

ప్రేమమణి మిషను దగ్గర నుంచి లేవలేదు. అక్కడి నుంచే కమలాబాయి వీపు కనిపిస్తోంది. జాకెట్టు ఎవరో కొత్తవాళ్ళు కుట్టారు. కుడి చేయి అతికిన చోట గుడ్డ ముడతలు పడింది, మెడ వెనక్కి లాగుతోంది. రెండు గుండుపిన్నులు పెడితే సరిపోతుంది. ఆ పేద వేషానికి కొంగు నడుములో దోపితే ఇంకా నమ్ముతారు. అది అనుకోవడమే ఆలస్యం, ఆమె వేళ్ళు బల్ల మీద పిన్నుల డబ్బీ వైపు కదిలాయి.

ఆమె ఆ చేతిని చూసుకుంది. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండో చెయ్యి వేసి, డప్పులు గల్లీ మలుపు తిరిగేదాకా అలాగే కూర్చుంది.

"ఓటేస్తవా అక్కా?" అంది సువార్త చెంబు కడుగుతూ.

"నేనెయ్యకున్నా వాళ్ళే గెలుస్తరు," అంది ప్రేమమణి.

గెలిచారు కూడా.